ఏటికిచ్చిన పేర్లు

కోబె,
సెప్టెంబరు 21

అక్కయ్యకు నోబు నమస్కారాలు.

నీ మణికట్టు కట్టు విప్పేశారని సెత్సు అక్క చెప్పింది. నువ్వు ఫోనులో రెండు మాటలకి మించి మాట్లాడవు కనుక ఆమెనే అడిగి తెలుసుకోవలసి వచ్చింది.

అక్టోబరు 12న ప్రారంభం. అంతర్జాతీయ ఒరిగామి కళా ప్రదర్శన. ముప్ఫై దేశాల వాళ్ళు వస్తున్నారు. బ్రెజిల్ ఆయన ఒకరు ఒకే కాగితంతో, కత్తెర ముట్టకుండా, పొలుసులు విడివిడిగా కనిపించే చేపని మడిచారు. డెన్మార్క్ నించి ఒక ముసలావిడ వచ్చింది. పదేళ్ళుగా ఒకే నత్తని మడుస్తోందట, ఇంకా నచ్చలేదట. ఇంతమందిలో హాలు నడిమధ్యన వేలాడేది మాత్రం నీ తమ్ముడిది. రెండు నిలువుల ఎత్తు. 'శ్వాస' అని పేరు పెట్టాను. ఏ కాగితం అని అడక్కు. మన ఊరి కాగితం అని మాత్రం చెప్తాను. మిగతాది చూస్తే నీకే తెలుస్తుంది.

"కాగితం మడిచి బతికేవాడు ఉంటాడురా ఎక్కడైనా?" అని నాన్న పోయేదాకా అంటూనే ఉన్నాడు. ఆయన కూర్చోవలసిన చోట నువ్వు కూర్చోవాలి. ముందు వరస. రిబ్బను కత్తిరించాక హాల్లో దీపాలార్పి, నా బొమ్మ లోపల దీపం వెలిగిస్తారు. అప్పుడు నువ్వు నా పక్కన ఉండాలి.

స్టేషనుకు నేనే వస్తాను. అన్నం ముద్దలు తేవద్దు, ఇక్కడ కూడా అన్నం వండుకుంటారు. ఎలాగూ తెస్తావు కనుక ప్లమ్ ఊరగాయ పెట్టినవి తే.

నోబు

*

మిజువకె, షిమానె కొండలు,
సెప్టెంబరు 27

చిరంజీవి నోబుకి అక్క దీవెనలు.

ఇక్కడ కోతలయ్యాయి. గడ్డి వాసన ఇంట్లోకి వస్తోంది.

వస్తాను. ఆ పొద్దుట దేవుడి ముందు బియ్యం, ఉప్పు, నీళ్ళు పెట్టడం సెత్సు చూసుకుంటానంది. కొడుకు కెంగోని చక్రాల కుర్చీలో వెంటబెట్టుకుని వస్తుంది. వాడు పేపరు చదువుతూ గుడి అరుగు మీద కూర్చుంటాడు.

ఇనె పెద్దమ్మకి ఎనభై ఎనిమిదేళ్ళు కదా. మోకాలి నొప్పి తగ్గలేదు. "జూన్‌లో ఏటికిచ్చిన నా కాగితపు బొమ్మ ఏ బండకో చిక్కుకుని ఉంటుంది. మీ తమ్ముణ్ణి అడుగు" అంటోంది. నవ్వుతూనే అంది. అయినా అడుగుతున్నాను. ఆ రోజు ఏరు ఎలా పారింది?

మిత్సుయో

*

మిజువకె,
అక్టోబరు 16

నోబుకి.

ఏరు ఎలా పారిందని అడిగాను. నువ్వు జవాబు రాయలేదు. నీ జవాబు ఆ హాలు నడిమధ్యన వేలాడుతోంది.

ఫోను చేయలేదు. ఫోనులో కోపం తొందరపడుతుంది. మూడు రోజులు గుడి ఊడ్చాను, ప్రార్థన చేసుకున్నాను, ఇప్పుడు రాస్తున్నాను. కోపం పోలేదు. తొందర పోయింది, అంతే.

నువ్వు మరిచిపోయినట్టున్నావు కనుక మన ఆచారాన్ని నీకే మళ్ళీ చెప్తున్నాను. మిగతా ఊళ్ళలో కాగితాన్ని మనిషి ఆకారానికి కత్తిరిస్తారు. మన ఊళ్ళో మడుస్తారు. లోపల పేరు, వయసు, ఆ ఆర్నెల్లలో మనసుకి బరువైన మాట ఏదన్నా ఉంటే అదీ రాసి, రాత పైకి కనపడకుండా మడుస్తారు. నొప్పి ఉన్నచోట దానితో రుద్దుకుని, మూడుసార్లు ఊపిరి ఊదుతారు. జూన్ ఆఖరు రోజున ఒకసారి, సంవత్సరం ఆఖరు రోజున ఒకసారి. గుడివాళ్ళం వాటిని ఏటికి ఇస్తాం. ఆ బరువుని ఏరు కడిగేస్తుంది. నాన్న ముప్ఫై ఏళ్ళు ఇచ్చాడు. ఆయన పోయాక తొమ్మిదేళ్ళుగా నేనిస్తున్నాను. ఈ జూన్‌లో మణికట్టు విరిగి, బొమ్మల పెట్టె నీ చేతికిచ్చాను.

మంత్రం నేను చదివాను. పెట్టె మూత నువ్వు తీశావు. మూత తీశాక ఎవరూ వెనక్కి తిరిగి చూడకూడదు. ఊరంతా నీకు వీపు తిప్పి ఇళ్ళకి నడిచింది. నేనూ నడిచాను. ఆ వీపుల్ని నువ్వు వాడుకున్నావు. ఇంటికొచ్చి, "తేలిగ్గా పోయాయక్కా" అన్నావు. నేను నీకు సూప్ వడ్డించాను.

ఇక మొన్నటి సంగతి. దీపం వెలిగింది. అందంగా ఉంది, అబద్ధం చెప్పను. ఒక్క ఊపిరి తీసుకునేంతసేపు నేనూ మురిసిపోయాను. తరవాత కాగితం లోంచి సిరా పైకి తేలింది. కురోసె ఇనె, ఎనభై ఎనిమిది, మోకాలు. దాని పక్కన ఇంకొకటి. దాని పక్కన ఇంకొకటి. నూట ఎనభై ఆరుగురూ అక్కడే ఉన్నారు.

నా వెనక ఇద్దరమ్మాయిలు నిలబడ్డారు. ఒకామె మెడ చాచి చదివింది.

"ఇదుగో ఇది చూడు. 'నా బిడ్డ నాకంటే ఒక్కరోజు ముందు పోవాలని కోరుకున్నాను. కడుగు.'"

"అమ్మో, కల్పించి రాశారంటావా?"

"ఏదైతేనేం, బాగుంది కదా. ఉండు, ఒక ఫోటో తీసుకుంటా."

తీసుకుంది. ఆ మాట ఎవరు రాశారో నీకు చెప్పను. పేరు దాని కిందే ఉంది. నువ్వే చదువుకో.

ఆ తరవాత ఒక విదేశీ పెద్దమనిషి వచ్చి నా చేయి పట్టుకున్నాడు. అక్షరాలు ఎంత చక్కని నమూనాగా అమరాయో అని మెచ్చుకుంటున్నారని దుబాసీ పిల్ల చెప్పింది. "అవి నమూనా కాదమ్మా, మా ఊరివాళ్ళు" అన్నాను. ఆ పిల్ల తల దించుకుంది. నా మాట ఆయనకి చెప్పిందో లేదో తెలియదు.

అప్పుడే నువ్వొచ్చి, "ఏమంటావక్కా?" అన్నావు. అన్నం ముద్దల మూట నీ చేతిలో పెట్టి స్టేషనుకు నడిచాను.

వాటిని ఇంటికి తీసుకురా. బరువు దిగిపోయిందనుకుని నాలుగు నెలలుగా ఇక్కడ జనం పొలాలకి వెళ్ళి వస్తున్నారు. నేను వాళ్ళ ముఖం చూస్తూ పొద్దుటే ప్రార్థన చదువుతున్నాను.

మిత్సుయో

*

కోబె,
అక్టోబరు 25

అక్కయ్యకు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ కోపమే వచ్చింది. నాకూ కోపం వస్తుందక్కా, అది నీ ఒక్కదాని సొత్తు కాదు.

నేను దొంగతనం చేయాలని పెట్టె తెరవలేదు. మూత తీశాను, బండ మీద కూర్చున్నాను, పైనున్న బొమ్మని చేతిలోకి తీసుకున్నాను. చేయి రాలేదు. ఒక్కొక్క మడతా ఒక్కో రకం. ఎవరి వేళ్ళు వణికాయో, ఎవరు విసురుగా మడిచారో, ఎవరు తల్లి నేర్పినట్టే గోటితో రెండుసార్లు గీటారో తెలిసిపోతోంది. ముప్ఫై దేశాల్లో ఇలాంటి మడతలు మడిచేవాడు లేడు. ఏట్లో వేస్తే వంతెన మలుపు తిరిగేలోపు గుజ్జు. ఎన్ని తరాల చేతులు అలా కరిగిపోయాయో ఆలోచించావా?

మన బడి మూసి పదకొండేళ్ళయింది. పోయినేడు ఊళ్ళో ఒక్క బిడ్డ పుట్టలేదు. ఇంకో ముప్ఫై ఏళ్ళకి మిజువకె అనే ఊరుండేదని చెప్పడానికి ఏం మిగులుతుంది? నీ చీపురా? నేను మిగిల్చాను. దానికి నువ్విచ్చిన బహుమానం, నలుగురిలో ఒక్క మాట లేకుండా అన్నం ముద్దల మూట చేతిలో పెట్టిపోవడం.

రాతలు చదివావా అంటే, లేదు. ఒక్కటి కూడా చదవలేదు. నేను చూసింది మడతలే. దీపానికి సిరా తేలుతుందని తెలుసు. వచ్చేవాళ్ళలో సగంమందికి మన లిపి రాదు కదా అనుకున్నాను.

ఇంకో సంగతి నీకు ముందే చెప్పవలసింది. నెదర్లాండ్స్‌లో ఒక మ్యూజియం 'శ్వాస'ని శాశ్వతంగా ఉంచుకుంటామంది. సంతకం చేశాను. జనవరిలో తీసుకుపోతారు. అందులోంచి ఒక్కటి తీసివ్వడం కూడా నా వల్ల కాదు. చుక్క జిగురు వాడలేదు, ఒక బొమ్మ చేతులు ఇంకో బొమ్మ మెడకి తగిలించాను. ఒక్కటి లాగితే అంతా రాలుతుంది.

ఊరికి చెప్పవని నమ్ముతున్నాను. చెప్తే బాధపడేది వాళ్ళే.

నోబు

*

మిజువకె,
నవంబరు 18

నోబుకి.

చెప్పాను.

కొత్త బియ్యం దేవుడికి పెట్టిన రోజున అందరూ గుడి హాల్లో ఉన్నారు. చాప మీద నుదురు ఆనించి, జరిగింది జరిగినట్టు చెప్పి, క్షమించమన్నాను. ఆ నుదురు నీది కావలసింది.

ముందుగా ఇనె పెద్దమ్మ నోరు విప్పింది.

"అదా సంగతి. వేలాడదీస్తే నొప్పి పోతుందటే ఎక్కడైనా? నేను మందుల షాపువాణ్ణి తిడుతున్నాను, పాపం."

రంపంమిల్లు గోహెయి అడిగాడు. "పూజారమ్మా, నాది ఎక్కడ పెట్టాడు? పైనా, కిందా?"

"పైన. ఎడమ పక్క."

"విన్నారా? పట్నం పోయినా నాది పైనే."

ఆయన భార్య ఊరుకోలేదు. "లోపల ఏం రాశావో గుర్తుందా? తాగుడు మానేస్తానని. పన్నెండేళ్ళుగా అదే ముక్క. ఇప్పుడు ముప్ఫై దేశాలకి తెలిసిందిలే, ఇక మానక తప్పదు."

నవ్వారు. నేను నవ్వలేదు. కాసేపట్లో వాళ్ళ నవ్వూ ఆగిపోయింది. ఒక్కొక్కరికీ తాము లోపల ఏం రాశారో గుర్తుకొచ్చింది. ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా చెప్పులు వేసుకున్నారు. భార్యాభర్తలు కూడా వేరువేరుగా వెళ్ళారు. మన గుడి మెట్ల మీద ఇలాంటి నడక నేనెప్పుడూ చూడలేదు.

ఆ మాట రాసిన మనిషి టీ కప్పులన్నీ కడిగి, తుడిచి, బోర్లించి వెళ్ళింది.

నీ వాదం గురించి. పేర్లు దాచడానికి పంచాయతీ రిజిస్టరుంది, సమాధి రాళ్ళున్నాయి. ఏటికిచ్చేది దాచుకోవడానికి కాదు. అది నీకు తెలుసు. తెలిసి రాశావు. మడతలే చూశాను, రాత చూడలేదన్నావు. ఒకరింటి తలుపు ఊడదీసుకుపోయి, లోపలి మనుషుల్ని చూడలేదు, చెక్క పనితనమే చూశానన్నట్టుంది. చదవకపోవడం మర్యాద అనుకుంటున్నావు. చదివి ఉంటే ఆ పని చేయలేకపోయేవాడివి.

మన లిపి రానివాళ్ళని లెక్కవేశావు. వచ్చినవాళ్ళని వేయలేదు.

రిటైరైన పోస్టుమాస్టరు బస్సు మాట్లాడాడు. నవంబరు 29, శనివారం. నలభై ముగ్గురు వస్తున్నారు. ఏం చేస్తారని నన్నడక్కు, వాళ్ళూ అనుకోలేదు. నేను రావడంలేదు. నేనుంటే మర్యాదకి నోరు కట్టుకుంటారు.

మిత్సుయో

*

కోబె,
డిసెంబరు 2

అక్కయ్యకు.

నీ ఉత్తరం వచ్చిన రోజు సాయంత్రమే హాలుకి వెళ్ళాను. నిచ్చెన వేసుకుని, మొదటిసారి, చదివాను. వెతకనక్కర్లేకపోయింది. కంటికి సమానంగా ఉంది. సెత్సు అక్క చేతిరాత.

అమ్మ మంచం మీదున్న ఏడాదంతా నన్ను వీపున కట్టుకుని బడికి తీసుకెళ్ళిన మనిషి. దాన్ని తీసేద్దామని చేయి పెట్టాను. పైనున్న వరస కదిలింది. హాలు మేనేజరు కిందనించి, "సార్, సంతకం అయిపోయింది, ఇప్పుడది మీది కాదు" అన్నాడు. దిగిపోయాను. అవునక్కా, దిగిపోయాను. ఆ తరవాత పది రోజులు తేలు కుట్టిన దొంగలా ఇంట్లోనే కూర్చున్నాను.

శనివారం వాళ్ళొచ్చారు. అందరూ మంచి బట్టలు వేసుకున్నారు. టికెట్లు కొనుక్కుని, వరసగా, చప్పుడు చేయకుండా లోపలికి వచ్చారు. నా వైపు ఎవరూ చూడలేదు. గోహెయి బాబాయ్ ఒక్కడే, "చిక్కిపోయావురా" అన్నాడు.

సెత్సు అక్క కెంగో కుర్చీ తోసుకుంటూ వచ్చింది. బస్సులోనే చెప్పేద్దామనుకుందట, నోరు రాలేదట. వాడు దగ్గరగా తీసుకెళ్ళమన్నాడు. నీకు తెలుసుగా, వాడికి అక్షరం ఎక్కడ కనబడ్డా పైకి చదవాలి. కింది వరసనించి నెమ్మదిగా, పేపరు చదివినట్టే, ఒక్కొక్క పేరూ చదువుతూ వచ్చాడు. ఊరివాళ్ళు తమ పేరు వచ్చినప్పుడు "ఊఁ" అంటున్నారు, బడిలో హాజరు పలికినట్టు. రాతలు మాత్రం వదిలేసి పేర్లే చదివాడు. వాడికున్న బుద్ధి నాకు లేకపోయింది.

వాళ్ళమ్మది వచ్చింది. ఆగిపోయాడు.

"అమ్మా, ఇది నీ రాతే."

ఆమె కుర్చీ పిడి వదల్లేదు. "అవునురా."

"నాది అదుగో, ఆ పక్కన. మిత్సుయో అత్తతో రాయించాను. నువ్వు చదువు."

సెత్సు అక్క కళ్ళజోడు పెట్టుకుని చదివింది. నాకు వినబడింది. 'అమ్మకంటే ఒక్కరోజు ముందు పోవాలనుకున్నాను. తప్పయితే కడుగు.'

కెంగో అన్నాడు. "రాత మాత్రం నీకంటే అత్తదే బాగుంది."

ఆమె వాడి నెత్తిన మొట్టింది. అలాగే చేయి వాడి జుట్టులో ఉంచేసింది.

అప్పుడు ఇనె పెద్దమ్మ కర్ర టకటకలాడించుకుంటూ అడ్డుగా కట్టిన తాడు కిందనించి దూరింది. కాపలా ఆయన పరిగెత్తుకొచ్చాడు. "అమ్మమ్మా, ముట్టుకోకూడదు, అది కళాఖండం."

"నాయనా, ఇది నా మోకాలు. నేను కాక ఎవరు ముట్టుకుంటారు?"

లాగింది. నేను చెప్పినట్టే అంతా కదిలింది. పై వరసలు ఒకదాని మెడ ఒకటి వదిలేసుకుంటూ నెమ్మదిగా, పెద్ద చప్పుడేమీ లేకుండా, వాళ్ళ భుజాల మీద, నెత్తుల మీద రాలాయి. హాల్లో ఎవరూ కదల్లేదు. ఊరివాళ్ళు వంగి ఏరడం మొదలుపెట్టారు. ఎవరిది వాళ్ళు జేబులో పెట్టుకున్నారు. రానివాళ్ళవి నా ముందు పోగుపెట్టారు. మోకాళ్ళ మీద కూర్చుని నేనూ ఏరాను. మ్యూజియంవాళ్ళకి క్షమాపణ రాశాను. ఆ కబురు అక్కడితో ముగిసింది.

నా మూడు నెలల పని పది నిమిషాల్లో పోయింది. ఏడుపు రాలేదు. అక్కా, ఒక్క మాట కోపం తెచ్చుకోకుండా విను. అవి జూన్‌లోనే ఏట్లో కరిగిపోయి ఉంటే ఆ తల్లీకొడుకులు ఆ మాట ఎప్పటికీ చెప్పుకునేవాళ్ళు కాదు. నేను చేసింది తప్పే. కానీ దాని వల్ల ఒక మంచి జరిగింది కదా?

మిగిలినవి జాగ్రత్తగా సర్ది పంపుతాను.

నోబు

*

మిజువకె,
జనవరి 6

నోబుకి.

కొత్త ఏడు వచ్చింది. మోకాలి లోతు మంచు. మెట్లు ఊడ్చి, కాళ్ళు కాచుకుంటూ రాస్తున్నాను.

డబ్బా డిసెంబరు 20న వచ్చింది. కొరియరు అతను సంతకం పెట్టమన్నాడు, పెట్టాను. పైన 'పగిలే వస్తువు' అని కాగితం అంటించావు. ఆ మాట నీకు జూన్‌లో గుర్తుకురావలసింది. నీ చేత్తో తీసుకున్నవాటిని ఎవరి చేతో పంపావు. ఎనిమిది గంటల ప్రయాణం నీకు దూరమైంది.

ఇరవై రెండున వాటిని ఏటికిచ్చాను. తమవి తెచ్చుకున్నవాళ్ళు కూడా వచ్చి ఇచ్చారు. మంత్రం మళ్ళీ మొదటినించి చదివాను.

ఇక నీ ప్రశ్న. కెంగో చేతికి కలం నిలవదు కదా, వాడి కాగితం రాసేది నేనే. ఆరేళ్ళుగా వాడు అదే మాట చెప్తాడు, అదే రాస్తాను. సెత్సు మాట నాకు ఆ హాల్లో తెలిసింది. ఇద్దరిదీ తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. ఇంటికొచ్చాక రోజూ పొద్దుట ఇద్దరూ నా ఎదుట ఉన్నారు. ఒక్క మాట చెప్తే చాలు. చెప్పలేదు. ఆ మాట వాళ్ళది. ఎప్పుడు చెప్పుకోవాలో, అసలు చెప్పుకోవాలో లేదో వాళ్ళిష్టం. నువ్వు వాళ్ళని దీపం ముందు, టికెట్టు కొన్నవాళ్ళ ఎదుట నిలబెట్టావు. వాళ్ళు మంచి మనుషులు కనుక అక్కడ కూడా ఒకరినొకరు కాపాడుకున్నారు. అది వాళ్ళ మంచి. అందులో నీకు వాటా లేదు. ఆ మాట ఇంకెప్పుడూ రాయకు.

ఆ అమ్మాయి ఫోనులో ఉన్న ఫోటోని ఏ ఏటికివ్వాలో నాకు తెలియదు.

డిసెంబరు ఆఖరు రోజున కాగితాలు పంచాను. ఎవరూ రారేమోనని భయపడ్డాను. అందరూ వచ్చారు. మడిచారు, ఒంటికి రుద్దుకున్నారు, మూడుసార్లు ఊదారు. నా ఎదుట చక్కగా పెట్టెలో వేశారు. మూత వేయబోతూ చూస్తే పెట్టెంతా తెల్లగా ఉంది. మన కాగితం పలచన కదా, లోపల సిరా ఉంటే ఎండలో తెలుస్తుంది. ఒక్కదాంట్లోనూ సిరా లేదు. పేరు కూడా లేదు.

గోహెయిని అడిగాను. "కలం దొరకలేదా?"

"దొరికింది పూజారమ్మా." నేల చూస్తూ అన్నాడు. "మళ్ళీ ఎప్పుడైనా రాస్తాంలెండి."

సెత్సుదీ, కెంగోదీ కూడా ఖాళీయే. కెంగో ఎందుకో చెప్పాడు. "ఈసారి రాయించడానికేమీ లేదత్తా, అమ్మకే చెప్పేశాగా" అన్నాడు. సెత్సు ఏమీ చెప్పలేదు.

ఖాళీ కాగితాలని ఏటికిచ్చాను. నాన్న కాలంలో గానీ, తాత కాలంలో గానీ అలా ఇచ్చినట్టు నేను వినలేదు. రోజూ ప్రార్థనలో నీ పేరు తలుస్తూనే ఉన్నాను. నీ మీద కోపంతోనే తలుస్తున్నాను. దేవుడికి ఆ సంగతి తెలుసు.

మంచు కరగ్గానే రా. ఉత్తరం రాసి రావద్దు, డబ్బా పంపి రావద్దు. గుడికి కూడా ముందు రావద్దు. ఊళ్ళో ప్రతి గుమ్మం ముందూ నిలబడి, తల వంచి, నోటితో అడుగు. నేను నీ వెంట రాను. ఇనె పెద్దమ్మ తిడుతుంది, విను. గోహెయి సాకె పోస్తాడు, తాగకు. ఆయన ఇప్పటికి నలభై రోజులుగా మానేశాడు.

సెత్సు ఇంటికి ఆఖరున వెళ్ళు. టీ ఇస్తే కూర్చుని తాగు. ఇవ్వకపోతే దణ్ణం పెట్టి వచ్చెయ్యి. మర్నాడు మళ్ళీ వెళ్ళు.

మిత్సుయో